శ్రోతల వరుసలో రోగి

1926 అక్టోబరు 21వ తేదీన బోస్టను నగరమున, హార్వర్డు వైద్యకళాశాల విద్యార్థుల యెదుట, ఫ్రాన్సిస్ పీబాడీ అను ఆచార్యుడు రోగి సంరక్షణమును గూర్చి ప్రసంగించెను. ఆయన వట్టి వక్త కాడు. బోస్టను నగర వైద్యాలయమునకు చేరిన థార్న్‌డైక్ పరిశోధనశాలకు అధిపతి, ప్రయోగశాలలో ఏండ్లు గడపిన శాస్త్రజ్ఞుడు. అట్టివాడు ఆనాడు చెప్పినదేమనగా, క్రొత్తగా పట్టము పుచ్చుకొని వచ్చుచున్న యువవైద్యులకు వ్యాధి తెలిసినంతగా వ్యాధిగ్రస్తుడు తెలియుట లేదని. వైద్యాలయమున చేరినవాని యిల్లు, వృత్తి, బంధుత్వములు, దిగుళ్లు, ఆశలు అన్నియు వాకిటనే విడువబడి మంచముపై ఒక కేసు మాత్రము మిగులుచున్నదని. పరీక్షలన్నియు సరిగానే యున్నవని చెప్పి పంపివేయబడిన రోగి, బాధ తీరక, మరల ఎవరి గుమ్మమో త్రొక్కుచున్నాడని. ఏడాది తిరుగకముందే ఆయన క్యాన్సరు వలన మరణించెను. ఆ ప్రసంగము మాత్రము 1927 మార్చిలో అమెరికా వైద్యసంఘ పత్రికలో అచ్చై, నేటికిని వైద్యవిద్యార్థుల చేత చదివింపబడుచున్నది.

అదే కళాశాలలో, అదే కాలమున, 1923లో సముద్రములు దాటి వెడలిన మన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కు ఆచార్యునితో కూడి, దేహమందలి భాస్వరమును కొలుచు పరిశోధనలో మునిగియుండెను. కండరములకు శక్తి నందించు ఫాస్ఫోక్రియాటినును వారిరువురును లోకమునకు తెలిపినది 1927లోనే. అణువును గూర్చిన అన్వేషణమును, మనుష్యుని గూర్చిన విచారమును ఒకే ప్రాంగణమున సాగినవన్నమాట. శాస్త్రమునకును దయకును సహజవైరమున్నదని వాదించువారు పీబాడీని పైపైన చదివినవారని నా మతము.

అయినను ఆ సభలో ఒక లోటు కలదు. ఎవనిని గూర్చి అంత ఆర్ద్రముగా ప్రసంగము జరిగెనో వాడు సభలో లేడు. వినినవారందరు రేపటి వైద్యులే. వైద్యనీతి యనునది చిరకాలము ఇట్లే, తలుపులు మూసికొని, గురువు నుండి శిష్యునకు సంక్రమించినది. మన చరకసంహితలోని విమానస్థానమును చూడుడు: అగ్నిసాక్షిగా, బ్రాహ్మణుల వైద్యుల సమక్షమున, గురువు శిష్యుని శాసించును. తన ప్రాణమునకు ముప్పు వచ్చినను రోగికి ద్రోహము తలపెట్టరాదనును; రోగి యింట తెలిసిన గుట్టును బయట పెట్టరాదనును. ఎంత ఉదాత్తమైన మాటలు! ఆ నోటితోనే రాజద్వేషమునకు గురియైన వారికి చికిత్స చేయరాదనియు శాసించును. ఆ హోమకుండము చుట్టును వైద్యుడు గాని బ్రాహ్మణుడు గాని కాని సామాన్యుడొకడు కూర్చుండి, నోరు విప్పుటకు అనుమతి పడసియున్నచో, మొదట ప్రశ్నించియుండునది ఆ కడపటి శాసనమునే.

నేడు విశ్వవిద్యాలయములు వైద్య మానవికములనియు, జీవనీతి శాస్త్రమనియు పేర్కొను విద్యల చరిత్రను, నా దృష్టిలో, గ్రంథముల వరుసను బట్టి కాక శ్రోతల మార్పును బట్టి చెప్పవలసియున్నది.

1965 మార్చి నెలలో మిషిగన్ రాష్ట్రమందలి బ్రూక్ లాడ్జి అనుచోట, అప్‌జాన్ అను ఔషధసంస్థ ఆశ్రయమున, విజ్ఞానవిషయములు వ్రాయు విలేఖరుల కొరకు ఒక సభ జరిగెను. అందు హార్వర్డులో మత్తుమందుల శాస్త్రమునకు ఆచార్యుడైన హెన్రీ బీచర్, పేరెన్నికగన్న వైద్యాలయములలోనే రోగులకు తెలియకుండ వారిపై ప్రమాదకర ప్రయోగములు జరుగుచున్నవని ప్రకటించెను. ఇదే మాట వైద్యుల సమావేశములో అన్నచో నాలుగు దగ్గులు, ఒక కృతజ్ఞతా తీర్మానముతో ముగిసిపోయెడిది. కాని వినినవారు పత్రికలవారు. వార్త దేశమంతట ప్రాకెను. సహచరులైన ఆచార్యులే విలేఖరులను పిలిచి బీచరు మాటలు అతిశయోక్తులని ఖండించిరి. మరుసటి యేట, 1966 జూను 16న, న్యూ ఇంగ్లండు వైద్యపత్రిక ఆయన వ్యాసమును ప్రచురించెను. అందు 22 ఉదంతములు. పరిశోధకుల పేర్లు లేవు. బ్రూక్లినులోని ఒక వైద్యాలయమున జబ్బుపడియున్న 22 మందికి, అవి యేమో చెప్పకయే, సజీవములైన క్యాన్సరు కణములను సూదిమందుగా ఎక్కించిరి. బుద్ధిమాంద్యము గల పిల్లల ఆశ్రమమున కామెర్లను కలిగించు సూక్ష్మక్రిములను బుద్ధిపూర్వకముగా ఆ పిల్లల దేహములలో ప్రవేశపెట్టిరి.

బీచరు ఇంతటి ధైర్యము చూపియు, దీనికి విరుగుడుగా చట్టమును కోరలేదు. సమ్మతి పత్రములకంటె వివేకవంతుడును దయాళువును నగు పరిశోధకుడే రోగికి మేలైన రక్షయని ఆయన నమ్మెను. ఈ నమ్మకము నాకు మింగుడుపడదు. ఆయన స్వయముగా సైన్యవిభాగముల పక్షమున ఎల్‌ఎస్‌డి మొదలగు మతిభ్రామక ద్రవ్యములతో ప్రయోగములు చేసిన సంగతిని ఆయన అనంతరము చరిత్రకారులు వెలికి తీసిరి. ఆ వ్యాసము వెలువడునాటికి అలబామా రాష్ట్రమున టస్కీగీ ప్రయోగము నిరాటంకముగా సాగుచునే యుండెను: 1932లో మొదలుపెట్టి, సిఫిలిసు సోకిన నల్లజాతి బీదరైతులను, పెనిసిలిను అందుబాటులోనికి వచ్చిన పిదపను మందీయక, వ్యాధి యెట్లు ముదురునో చూచుచు నలుబదియేండ్లు గడపిరి. అది ఆగినది 1972లో. ఆపినది వైద్యుని మనస్సాక్షి కాదు, వార్తాపత్రిక.

ఇక 1980లో బ్రిటిషు రేడియో వారు తమ రీత్ ఉపన్యాసములకు ఇయాన్ కెనెడీని ఆహ్వానించిరి. ఆయన వైద్యుడే కాడు; లండనులో న్యాయశాస్త్రము బోధించువాడు. వైద్యము ముసుగు తొలగించుట యను అర్థము వచ్చు శీర్షికతో ఆరు ఉపన్యాసములు చేసి, వైద్యుడు తీర్చు తీర్పులలో అనేకము శాస్త్రనిర్ణయములు కావనియు, అవి మంచిచెడుల నిర్ణయములనియు, అట్టి నిర్ణయములందు వైద్యునకు ఇతరులకంటె ఎక్కువ అధికారమేదియు లేదనియు వాదించెను. ఏది వ్యాధి యనుటయే చూడుడు: స్వలింగప్రేమను అమెరికా మనోవైద్యుల సంఘము 1973లో వ్యాధుల పట్టిక నుండి తొలగించెను. అంతకుముందునాటి రోగి మరునాడు ఆరోగ్యవంతుడైనది ఏ మందువలన? వైద్యులకు కోపము వచ్చినది. రానిచో ఆ ఉపన్యాసములు విఫలమైనట్లే. పదునెనిమిదేండ్ల తరువాత, బ్రిస్టలు నగర వైద్యాలయమున హృదయ శస్త్రచికిత్సానంతరము పసిపిల్లలు మరణించిన ఉదంతమును విచారించుటకు ప్రభుత్వము నియమించినది ఈ కెనెడీనే. ఆ విచారణలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు వచ్చి తమ సాక్ష్యమును తామే చెప్పుకొనిరి.

2014లో ఆ రీత్ ఉపన్యాస పీఠముననే శస్త్రవైద్యుడగు అతుల్ గవాండే నాలుగు నగరములలో మాటలాడెను, కడపటిది ఢిల్లీలో. ఎడింబరోలోని ఉపన్యాసమున తన కుమార్తెకు పియానో నేర్పిన ఉపాధ్యాయురాలి కథ చెప్పెను: క్యాన్సరు ఇక నయము కాదని తేలిన పిమ్మట, ఉపశమన చికిత్సతో బాధ తగ్గి, ఆమె చివరి వారములలో మరల శిష్యులకు పాఠములు చెప్పినది. కెనెడీ కాలమున శ్రోత రేడియో ముందు మౌనముగా కూర్చుండవలసినదే. ఇప్పుడు సభికుల ప్రశ్నలును ఉపన్యాసములో భాగమైనవి. ఉపన్యాసముకంటె ఆ ప్రశ్నల భాగమే నాకు విలువైనదిగా తోచినది.

మన నేల సంగతి యేమి? 2009 జూలైలో అప్పటి ఖమ్మము జిల్లాలో, భద్రాచలము మొదలగు మండలములలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నిరోధించు టీకాను పదినుండి పదునాలుగేండ్ల బాలికలు సుమారు 14,000 మందికి వేయు కార్యక్రమము ఆరంభమైనది. నిర్వహించినది పాత్ అను అమెరికా సంస్థ. తోడు నిలిచినవి భారత వైద్య పరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును. ఆ బాలికలలో అనేకులు గిరిజన వసతిగృహములలో చదువుకొనుచుండిరి. 2010 ఏప్రిలులో, కొందరు బాలికల మరణవార్తలపై ఆందోళన చెలరేగగా, కార్యక్రమము నిలిపివేయబడెను. మరణములకు టీకా కారణము కాదని విచారణసంఘము తేల్చెను. ఆ టీకాయే నేడు లోకమంతట స్త్రీలను కాపాడుచున్నది. కావున టీకాపై నాకు ఫిర్యాదు లేదు. నన్ను కలతపెట్టునది కాగితము. పరిశీలింపబడిన 9,543 సమ్మతి పత్రములలో 1,948 వేలిముద్రలతో నున్నవి. 2,763 పత్రములపై సంతకము చేసినది వార్డెను. తల్లిదండ్రులకు మారుగా ప్రధానోపాధ్యాయులు సంతకము చేయవలసినదని ప్రభుత్వమే ఉత్తరువిచ్చినదట! 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము తన 72వ నివేదికలో దీనిని తీవ్రముగా గర్హించెను. భద్రాచలములో సంతకాలకు ముందు ఒక్క సాయంకాలము, కోయభాషలోను తెలుగులోను, ఈ మందేమి, ఇది ఎవరు పంపినది, వద్దన్నచో ఏమగునని తల్లిదండ్రుల యెదుట చెప్పి, వారి ప్రశ్నలకు బదులు పలికియున్నచో, వారిలో పెక్కురు సంతోషముగా ఒప్పుకొనియుండెడివారని నేను తలంతును.

2019 నుండి మన దేశమున ఎం.బి.బి.ఎస్. పాఠ్యక్రమములో వైఖరి, నీతి, సంభాషణము అను విభాగము చేరినది. అది స్వాగతింపదగినదే, కాని అది మరల పీబాడీ గదియే, మరల తలుపులు మూసిన బోధయే. వరంగల్లులోని మహాత్మాగాంధీ వైద్యాలయమునను, విశాఖపట్టణపు కింగ్ జార్జి వైద్యాలయమునను, కర్నూలులోను నెలకొక మారు సాయంకాలమున తెలుగులో ఇట్టి ఉపన్యాసము జరుగవలెను. వక్త వైద్యుడే కానక్కరలేదు. న్యాయవాది కావచ్చును, నర్సు కావచ్చును, కథకుడు కావచ్చును. రోగుల సహాయకులు ఎట్లును ఆ ఆవరణలోనే పడిగాపులు పడియుందురు గనుక శ్రోతలను వెదకబనిలేదు. ఇరువది నిమిషములు ప్రసంగమునకు, మిగిలిన గంట ప్రశ్నలకు. వైద్యులకు అంత తీరిక యెక్కడిదందురు గాని, శస్త్రచికిత్సకు ముందు సంతకము పెట్టించు కాగితమును తెలుగులో చదివి వినిపించుటతోనే తొలి సభ గడచిపోవును. అందులకు హౌస్ సర్జన్ ఒక్కడు చాలును.