ఎన్‌కౌంటర్ కేసులో ఎఫ్‌ఐఆర్ ఎవరి మీద?

ఆత్మరక్షణ హక్కు పౌరుడికి ఎంత ఉందో పోలీసుకూ అంతే ఉంది. అరెస్టుకు ఎదురుతిరిగిన మనిషిపై అవసరమైనంత బలం వాడవచ్చు. కానీ మరణశిక్షో యావజ్జీవమో పడే నేరారోపణ లేని మనిషి ప్రాణం తీసే అధికారం అరెస్టుకు సంబంధించిన చట్టం ఇవ్వదు.

1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలు ‘ఎన్‌కౌంటర్’ అన్న మాట ఎన్నిసార్లు విన్నాయో! కాల్పులు జరిగాక కేసు పెట్టేది చనిపోయినవారి మీదే, హత్యాయత్నం కింద. నిందితుడు బతికి లేడు కనుక కేసు మూసేసేవారు. కాల్చిందెవరు, ఎంత దూరం నుంచి, ఎందుకు కాల్చాల్సి వచ్చింది అన్నవి కోర్టు గడప దాకా వచ్చేవి కావు.

పౌరహక్కుల సంఘం ఫిర్యాదుపై 1996లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ పద్ధతిని తప్పుపట్టింది. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకా ముందుకు వెళ్లింది. కాల్చిన పోలీసుల మీద కేసు నమోదు చేయాలనీ, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు కావాలనీ చెప్పింది. న్యాయం అడిగే కుటుంబాలకు ఇంతకంటే బలమైన తీర్పు మరొకటి రాలేదు. అయితే దాని అమలును సుప్రీంకోర్టు నిలిపివేసింది.

2010 జులైలో వాంకిడి అడవుల్లో మావోయిస్టు నేత ఆజాద్, ఒక జర్నలిస్టు పోలీసు కాల్పుల్లో మరణించారు. గణతంత్రం తన బిడ్డలనే చంపుకోవడాన్ని అనుమతించలేమని 2011లో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించి, సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. అది నిజమైన ఎన్‌కౌంటరేనని సీబీఐ తేల్చింది. ఆ వ్యాఖ్య చేసిన ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఆర్.ఎం. లోధానే, ప్రధాన న్యాయమూర్తిగా 2014 సెప్టెంబరు 23న ముంబై ఎన్‌కౌంటర్ల కేసులో 16 మార్గదర్శకాలు ఇచ్చారు. ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ పోలీసులు గానీ చేయాలి. మెజిస్టీరియల్ విచారణ జరగాలి. ఘటన జరిగిన వెంటనే పదోన్నతులు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు.

ఇక పోలీసులకు చట్టం ఇచ్చే రక్షణ సంగతి. విధి నిర్వహణలో చేసిన పనిపై కోర్టు విచారణ చేపట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని సీఆర్‌పీసీ 197వ సెక్షన్ చెప్పేది. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 218. అనుమతి లేదన్న సాకుతో ఎఫ్‌ఐఆర్ నమోదును, దర్యాప్తును ఆపకూడదు.

మార్గదర్శకాలు పాటించలేదనిపిస్తే మృతుడి కుటుంబం ఆ ప్రాంత సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేసుకోవచ్చు.