అమెరికాలో పుట్టిన బిడ్డ ఏ దేశపు పౌరుడు?

ఉపకార వేతనాల ప్రదానోత్సవం రోజున హోసూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. మన ట్రస్టు సాయంతో చదువుకున్న ఆయన కూతురు, అల్లుడు హెచ్-1బి వీసాల మీద అమెరికాలో ఉన్నారు. అమ్మాయికి ఏడో నెల. "అక్కడ పుడితే అక్కడివాడే అనుకున్నాం. కాదంటున్నారట, నిజమేనా సార్?" అన్నారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నది రాస్తున్నాను.

నల్లజాతివారు పౌరులు కాజాలరని అమెరికా సుప్రీం కోర్టు 1857లో తీర్పు చెప్పింది. దాన్ని తుడిచిపెడుతూ 1868లో 14వ రాజ్యాంగ సవరణ వచ్చింది. అక్కడ పుట్టి, ఆ దేశపు అధికార పరిధికి లోబడినవారంతా పౌరులే అంటుందది. తగవంతా ఆ 'లోబడిన' అన్న మాట దగ్గరే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ 1895లో చైనా వెళ్లి తిరిగివస్తే, నువ్వు పౌరుడివి కావని ఓడరేవులోనే ఆపేశారు. అతని తల్లిదండ్రులకు అమెరికా పౌరసత్వం పొందే అవకాశమే లేని కాలమది. అయినా 1898లో సుప్రీం కోర్టు అతను పుట్టుకతోనే పౌరుడని తేల్చింది. విదేశీ రాయబారుల పిల్లల వంటి కొద్దిమందినే మినహాయించింది.

2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. తల్లి అక్రమంగా గానీ తాత్కాలిక వీసా మీద గానీ ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్ కార్డుదారో కాకపోతే, ఇకపై పుట్టే బిడ్డను పౌరుడిగా గుర్తించరాదన్నారు. హెచ్-1బి కుటుంబాలూ ఇందులోకి వస్తాయి. వాంగ్ తల్లిదండ్రులు అక్కడ స్థిరపడినవారు, వీసాదారులు అలా కాదు అన్నది ప్రభుత్వ వాదన. అక్కడే పన్ను కట్టి, తప్పు చేస్తే అక్కడి జైలుకే వెళ్లేవారు లోబడలేదనడం ఎలాగన్నది ఎదుటిపక్షం ప్రశ్న. నాకు ఇదే బలంగా తోస్తుంది. కింది కోర్టులు ఉత్తర్వును ఆపాయి. 2025 డిసెంబరులో సుప్రీం కోర్టు ఈ వివాదాన్ని విచారణకు స్వీకరించింది.

అమెరికాను అనే ముందు మన చట్టమూ చూడాలి. 1987 జూలై 1కి ముందు భారతదేశంలో పుడితే చాలు, పౌరులే. ఆ తేదీ నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు కూడా.

పెద్దాయనకు ఫోన్ చేసి ముఖ్యంగా చెప్పింది ఇది: బిడ్డకు అమెరికా పౌరసత్వం రాకపోతే, పుట్టిన ఏడాదిలోగా అక్కడి భారత కాన్సులేటులో నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు సిద్ధంగా పెట్టుకోమన్నాను.