మీకు తెలుసా? వైరస్ అదుపులో ఉన్నా లివర్‌ను ఓ కంట కనిపెట్టాలి

రావికమతంలోనైనా, నర్సీపట్నం బస్టాండులోనైనా ఎవరికో లివర్ చెడిందని తెలిస్తే వెంటనే వచ్చే ప్రశ్న ‘బాగా తాగేవాడా?’ అనే. ఆ మనిషికి హెచ్‌ఐవీ కూడా ఉందని తెలిస్తే ఇక ప్రశ్నలుండవు, నేరుగా తీర్పే. ఈ రెండు అపోహల మధ్య చాలామంది ఓ జబ్బును లోపలే మోస్తూ తిరుగుతున్నారు. దాని పేరు ఫ్యాటీ లివర్. మందు చుక్క ముట్టనివాళ్లకూ వస్తుంది, సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లకు దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈసారి ‘మీకు తెలుసా?’ మొత్తం వాళ్ల కోసమే.

మీకు తెలుసా? కాలేయ కణాల్లో నూటికి అయిదింటికి మించి కొవ్వు చేరితే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు. పలు దేశాల అధ్యయనాలను కలిపి 2017లో లెక్క చూస్తే, కామెర్ల వైరస్‌లు ఏవీ లేని హెచ్‌ఐవీ బాధితుల్లో 35 శాతం మందికి ఇది కనిపించింది. ‘అయితే ఇది హెచ్‌ఐవీ తెచ్చిన జబ్బేనన్నమాట’ అనుకోకండి. మన దేశంలో పెద్దవాళ్లందరినీ తీసుకున్నా సుమారు 38 శాతం మందికి ఉందని 2022లో ఎయిమ్స్ వైద్యుల బృందం లెక్క తేల్చింది. అంటే ఇది ఊరందరి జబ్బు. కాకపోతే హెచ్‌ఐవీ ఉన్నవారి కాలేయం మీద మరికొన్ని దెబ్బలు అదనంగా పడి ఉంటాయి. వట్టి కొవ్వుతో ఆగకుండా వాపు రావడం, కాలేయం గట్టిపడటం వారిలో ఎక్కువని వైద్యులు జాగ్రత్త చెబుతున్నది అందుకే.

మన రాష్ట్రానికి ఇది చిన్న సంగతి కాదు. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో పెద్దవారిలో హెచ్‌ఐవీ 0.21 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. అంటే మూడింతలు. మనుషుల లెక్కలో చెప్పాలంటే మూడు లక్షల పైమాటే.

మీకు తెలుసా? మొదటి దెబ్బ వైరస్‌ది. ఒంట్లోకి చేరిన కొత్తలోనే అది పేగుల గోడలో ఉండే రక్షక కణాలను పెద్దఎత్తున చంపేస్తుంది. గోడ బలహీనపడ్డాక పేగుల్లోని సూక్ష్మజీవుల వ్యర్థాలు రక్తంలోకి జారుతాయి. పేగుల నుంచి వచ్చే రక్తమంతా ముందు చేరేది కాలేయానికే. అలా ఏళ్ల తరబడి సన్నని వాపు అక్కడ రగులుతూ ఉంటుంది. మందులు మొదలెట్టాక ఇది తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

రెండో దెబ్బ పాత మందులది. దీని గురించి కాస్త వివరంగానే చెప్పాలి. మన దేశంలో హెచ్‌ఐవీకి ఉచిత మందుల చికిత్స (ఏఆర్‌టీ) 2004 ఏప్రిల్ 1న ఆరు రాష్ట్రాల్లో మొదలైంది. వాటిలో మన ఉమ్మడి రాష్ట్రం ఒకటి. అప్పట్లో ఇచ్చిన మందుల్లో స్టావుడిన్ అనేది ముఖ్యమైనది. లక్షల ప్రాణాలు నిలిపిన మందు అది, ఆ రుణం మరవకూడదు. కానీ అది కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీసేది. కాల్చాల్సిన కొవ్వును కణం కాల్చలేక లోపలే దాచుకునేది. అలా కాలేయానికి కొవ్వు పట్టేది. అదే సమయంలో బుగ్గల్లో, కాళ్లూచేతుల్లో ఉండాల్సిన కొవ్వు కరిగిపోయేది. బుగ్గలు లోపలికి పోయిన మొహాన్ని చూసి ఊళ్లో జనం జబ్బు పోల్చేసేవారు. ఆ భయంతో పెళ్లిళ్లకూ పేరంటాలకూ దూరమైనవాళ్లు ఎందరో. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును మెల్లగా తప్పించమని చెప్పింది. తర్వాత మన దగ్గరా పోయింది. ఆ కాలంలో మందులు మొదలెట్టి, నేటికీ క్రమం తప్పకుండా వాడుతున్నవాళ్లు ఇప్పుడు యాభైల్లో, అరవైల్లో ఉన్నారు. వాళ్లలో ప్రతి ఒక్కరికీ ఒక్కసారైనా కడుపు స్కాన్ తీయించాలన్నది నా గట్టి అభిప్రాయం.

మీకు తెలుసా? ఇప్పుడు ఏఆర్‌టీ సెంటర్‌లో చాలామందికి ఇచ్చే మాత్ర ‘టీఎల్‌డీ’. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డోల్యూటెగ్రావిర్ 50. మూడూ కలిపి రోజుకు ఒకే మాత్ర. స్టావుడిన్ చేసిన లాంటి హాని ఇది చేయదు. అయితే దీంతో బరువు పెరుగుతుంది. దక్షిణాఫ్రికాలో వెయ్యి మందికి పైగా పాల్గొన్న ‘అడ్వాన్స్’ పరిశోధనలో దాదాపు ఇవే మందులు వాడినవారు 96 వారాల్లో సగటున నాలుగు కిలోలకు పైగా పెరిగారు. ఆడవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. జబ్బుతో చిక్కిపోయిన మనిషి తేరుకుని నాలుగు కిలోలు పెరిగితే అది సంతోషమే. ‘ఒళ్లు చేశావు, బాగున్నావు’ అని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు, న్యాయమే. చూడాల్సింది నడుమును. టేపుతో బొడ్డు దగ్గర కొలిస్తే మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటిందంటే ఆ బరువు ఒంటికి పట్టింది కాదు, పొట్టలో చేరింది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. ‘లివర్ చెడుతోందట, మాత్ర ఆపేద్దాం’ అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. టీఎల్‌డీలోని టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ హెపటైటిస్ బి వైరస్‌ను కూడా అణచిపెట్టే మందులే. హెచ్‌ఐవీతో పాటు హెపటైటిస్ బి కూడా ఉన్న మనిషి ఉన్నట్టుండి మాత్ర మానేస్తే, అణిగి ఉన్న ఆ రెండో వైరస్ ఒక్కసారిగా విజృంభిస్తుంది. కామెర్లు ముదిరి ప్రాణం మీదికి వస్తుంది. లివర్‌ను కాపాడుకుందామని మానేసిన మాత్రే లివర్‌ను ముంచుతుంది. ఆపాలన్నా మార్చాలన్నా ఆ మాట డాక్టరే చెప్పాలి. మీకు హెపటైటిస్ బి పరీక్ష చేశారో లేదో కార్డు చూసి కనుక్కోండి. చేయకపోతే అడిగి చేయించుకోండి.

మీకు తెలుసా? అనకాపల్లి బెల్లం కూడా లివర్‌కు చక్కెరే. ఈ మాట అంటే మనవైపు కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు. చెరుకు పండించి, గానుగ ఆడించి, పెనంలో పాకం కాచి, దిమ్మలు పోసి బతికిన నేల ఇది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి మన అనకాపల్లిదే. కానీ కాలేయానికి పంచదారా బెల్లమూ వేరు కాదు. రెండింటిలోనూ అధికభాగం సుక్రోజే. అది కడుపులో సగం గ్లూకోజ్‌గా, సగం ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. గ్లూకోజ్‌ను ఒంట్లో అన్ని కండరాలూ వాడుకుంటాయి. ఫ్రక్టోజ్ భారమంతా చాలావరకు కాలేయం మీదే పడుతుంది. మోతాదు మించితే అది దాన్ని కొవ్వుగా మార్చి తనలోనే నిల్వ చేసుకుంటుంది. బెల్లంలో ఇనుము ఉందని రోజూ టీలోనూ, పాయసంలోనూ ధారాళంగా వేసుకునేవాళ్లు ఈ లెక్క కూడా చూసుకోవాలి. పండక్కి అరిసె తినొద్దని ఎవరూ అనరు. రోజువారీ తీపి మాటే ఇది. సీసాల్లో వచ్చే శీతల పానీయాలు మరీ చెడ్డవి.

మన పెద్దల పొద్దుటి తిండి చోడి (రాగి) అంబలి. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని పొలానికి వెళ్లేవారు. మూడు పూటలా తెల్లన్నం తినే ఈ రోజుల్లో ఒక పూట దానికి మళ్లినా లివర్‌కు మేలు. అంబలిలో బెల్లం మాత్రం వద్దు.

కల్లు సంగతి కూడా దాచకుండా చెప్పుకుందాం. తాటికల్లయినా, మన్యం నుంచి దిగే జీలుగు కల్లయినా అందులో ఉండేది ఆల్కహాలే. ‘చెట్టు నుంచి దిగింది కదా, మంచిదే’ అంటే కుదరదు. కొవ్వు పట్టిన కాలేయానికి కొంచెం ఆల్కహాల్ కూడా ఎక్కువే.

మీకు తెలుసా? ఫ్యాటీ లివర్ ఉన్న చాలామందికి నొప్పి ఉండదు, కళ్లు పచ్చబడవు. రక్తపరీక్షలో లివర్ ఎంజైమ్ ఏఎల్‌టీ మామూలుగానే ఉండొచ్చు. ‘లివర్ టెస్టు నార్మల్’ అని కాగితం వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి లేదు. కాలేయం గట్టిపడుతోందేమో అంచనా వేయడానికి వైద్యులు వాడే చవకైన లెక్క ఒకటుంది. దాని పేరు ఫిబ్-4. వయసు, ఏఎస్‌టీ అనే మరో ఎంజైమ్, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు తెలిస్తే చాలు. వయసును ఏఎస్‌టీతో గుణించాలి. దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యతోనూ, ఏఎల్‌టీ వర్గమూలంతోనూ భాగించాలి. ఉదాహరణకు మనిషి వయసు 50, ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు రెండు లక్షలు అనుకుందాం. రెండు లక్షలను ఈ లెక్కలో 200గా తీసుకుంటారు. 50ని 40తో గుణిస్తే 2000. 36కి వర్గమూలం 6, దాన్ని 200తో గుణిస్తే 1200. రెండువేలను పన్నెండు వందలతో భాగిస్తే 1.67 వస్తుంది. 1.3 లోపు ఉంటే కాలేయం గట్టిపడే ప్రమాదం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. మన మనిషి మధ్యలో ఉన్నాడు. కాబట్టి కాలేయం గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ తీయించాలి. చూశారుగా, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ రెండూ ‘నార్మల్’ అనిపించే అంకెలే, అయినా లెక్క మరో మాట చెప్పింది. అరవై అయిదు దాటినవారికి ఆ 1.3ని 2గా తీసుకుంటారు. ఈ లెక్క జబ్బును తేల్చదు, ఎవరికి తర్వాతి పరీక్ష కావాలో మాత్రమే చెబుతుంది.

మీకు తెలుసా? టీఎల్‌డీ వాడేవారికి సుగర్ కూడా ఉంటే మెట్‌ఫార్మిన్ మోతాదు రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. డోల్యూటెగ్రావిర్ వల్ల ఒంట్లో మెట్‌ఫార్మిన్ మామూలు కన్నా ఎక్కువగా నిలుస్తుంది. సుగర్ డాక్టరు ఒకచోట, ఏఆర్‌టీ డాక్టరు మరోచోట ఉంటారు. చాలామంది సిగ్గుపడి ఒకరి మందు సంగతి మరొకరికి చెప్పరు. అక్కడే చిక్కు వస్తుంది. అలాగే గ్యాస్‌కని తాగే యాంటాసిడ్ మందు టీఎల్‌డీతో కలిపి మింగకూడదు. మాత్ర వేసుకున్నాక కనీసం రెండు గంటలు ఆగాలి, లేదా గ్యాస్ మందు తాగిన ఆరు గంటల తర్వాత మాత్ర వేసుకోవాలి. కామెర్లకని పోసే ఆకుపసర్ల జోలికి అసలే పోవద్దు. అందులో ఏమున్నదీ పోసేవాళ్లకే సరిగా తెలియదు, దాన్ని విరిచి బయటికి పంపే పని మళ్లీ ఆ అలసిన కాలేయానిదే.

కొలెస్ట్రాల్ మాత్రలు లివర్‌ను పాడుచేస్తాయని భయపడి మానేసేవాళ్లూ ఉన్నారు. ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో ప్రాణం తీసే మొదటి శత్రువు గుండెజబ్బే. ‘రిప్రీవ్’ అనే పెద్ద పరిశోధన 12 దేశాల్లో 7,769 మంది హెచ్‌ఐవీ బాధితులతో జరిగింది. ఆ దేశాల్లో భారత్ కూడా ఉంది. అందులో పిటవాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర వాడినవారికి గుండెపోటు లాంటి పెద్ద ప్రమాదాలు 35 శాతం తగ్గాయని 2023లో తేలింది.

మీకు తెలుసా? కాఫీ కాలేయానికి నేస్తం. హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి రెండూ ఉన్నవారిని ఫ్రాన్స్‌లో ఏళ్ల తరబడి గమనిస్తే, రోజుకు మూడు కప్పులు, ఆపైన తాగేవారిలో మరణాలు దాదాపు సగం తక్కువగా కనిపించాయి. కాఫీయే కాపాడిందని దీంతో రుజువు కాలేదు గానీ, పంచదార లేకుండా తాగితే నష్టమైతే లేదు. అరకు కాఫీ మనకు పక్కనే దొరుకుతోంది కూడా.

మీకు తెలుసా? ఫ్యాటీ లివర్ వెనక్కి మళ్లుతుంది. డెబ్భై కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గడం మొదలవుతుంది. అయిదు నుంచి ఏడు కిలోలు తగ్గితే వాపు దిగుతుంది, పదోవంతు తగ్గినవారిలో గట్టిపడిన కాలేయం కూడా కొంత మెత్తబడిన దాఖలాలున్నాయి. హెచ్‌ఐవీ ఉన్నవారికి సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ ఆరు నెలలు ఇచ్చి చూస్తే కాలేయంలో కొవ్వు మూడోవంతు దాకా తగ్గింది. అది డాక్టరు చేతిలోని మాట. నడక, తిండి మన చేతిలోవి. వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట చురుగ్గా నడవండి. ఉపవాసాలు చేసి ఒక్కసారిగా బరువు దించుకోవద్దు, అది లివర్‌కు మరో దెబ్బ.

ఊళ్లో తెలిసిపోతుందన్న భయంతో పక్క ఆసుపత్రి వదిలి దూరాలు పోయేవాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ జబ్బు వివరం మీ అనుమతి లేకుండా బయటపెట్టడానికి వీల్లేదు, ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. సందేహాలకు 1097కు ఫోన్ చేయొచ్చు, ఖర్చుండదు. ఈసారి ఏఆర్‌టీ సెంటర్‌కు మాత్రల కోసం వెళ్లినప్పుడు వైరల్ లోడ్ ఒక్కటే అడిగి వచ్చేయకండి. ‘నా ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి డాక్టరు గారూ, నాకు లివర్ స్కాన్ అవసరమా?’ అని కూడా అడగండి.