మీకు తెలుసా? కుళాయికి వచ్చెడి కృష్ణమ్మ

మిరపకాయల ఘాటునకు పేరొందిన గుంటూరు నగరమున కుళాయి త్రిప్పగనే బిందెలో పడు నీటిలో అధికభాగము, ఉండవల్లి చెంత కృష్ణానదినుండి తోడబడి, తక్కెళ్లపాడు శుద్ధికేంద్రమున పటికచే మడ్డి తేరి, ఇసుకపొరలలో వడిసి, క్లోరిను కలుపుకొని వచ్చిన నదీజలమే. ఆ క్లోరిను వాసనకు ముక్కు చిట్లించువారు కలరు గాని, గొట్టపుమార్గమున సూక్ష్మజీవులు తలయెత్తకుండ కావలి కాయుచున్నది అదియే!

ఒంగోలు పట్టణమునకు నీరు మరింత దూరము నడచి వచ్చును. 1967లో నీరు విడువబడిన నాగార్జునసాగర్ కుడికాలువ రామతీర్థం జలాశయమును నింపగా, అచటినుండి పట్టణపు సమ్మర్ స్టోరేజి ట్యాంకులు నిండును. కాలువ కట్టివేసిన మాసములలో ఆ నిలువనీరే జనులకు ఆధారము.

ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో నదీజలము కేవలము సౌకర్యము కాదు, ఆరోగ్యరక్ష. భూగర్భమునుండి తోడిన తాగునీటిలోని ఫ్లోరైడువలన పండ్లు గారకట్టి, ఎముకలు బిగిసి, నడుములు వంగిపోవు ఫ్లోరోసిస్ వ్యాధి మన దేశమున ఉన్నట్లు వైద్యులు 1937లో మొట్టమొదట ప్రకటించినది, నాడు నెల్లూరు జిల్లాలో ఉండి, 1970లో ప్రకాశమున చేరిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములనుండియే. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు హానికరము. కాచినచో క్రిములు నశించును గాని ఫ్లోరైడు తొలగదు, నీరు ఆవిరియైనకొలది మరింత చిక్కబడును. కావున బోరునీరు త్రాగువారు దానిని ఒకపరి పరీక్ష చేయించుకొనవలెను.