మట్టి కోరని మొక్క: ఇంటిలో ఆర్కిడ్ పెంపకం

పుష్పాలను చూచి సంతోషించని వారుండరు. పెరడున్న ఇంట మల్లెపందిరి, పెరడు లేని ఇంట కనీసం కుండీలో ఒక గులాబీ మన ప్రాంతంలో తరతరాలుగా కనిపించే దృశ్యం. నేడు నగరాలలో పెరళ్ళు తరిగి అంతస్తులు పెరిగినందున, నాలుగు గోడల మధ్య బ్రతుకగల మొక్కల కొరకు జనం వెదుకుతున్నారు. ఆ విధంగా మన ఇండ్లలోనికి అతిథిగా వచ్చినది ఆర్కిడ్. వివాహాలకు, గృహప్రవేశాలకు దీనిని కానుకగా ఇవ్వడం ఇటీవల పరిపాటి అయినది. వచ్చినప్పుడు కొమ్మ నిండుగా పూలుంటాయి. రెండు మూడు మాసాలకు పూలు రాలుతాయి. పిమ్మట కొద్దికాలానికే మొక్క కూడ పోతుంది. "అది ధనవంతుల ఇండ్లలోనే బ్రతికే మొక్క" అని మనం నిట్టూర్చి ఊరకుంటాము. ఆర్కిడ్ నిజంగా అంత సుకుమారమైనదా, లేక మనమే దాని స్వభావాన్ని తెలిసికొనలేదా అని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురైనది కాదు. మూడేండ్ల క్రితం మా ఆపా వివాహానికి ఆమె స్నేహితురాలు ఒకరు ఊదారంగు పూల ఆర్కిడ్ కుండీని కానుకగా ఇచ్చారు. అత్తవారింటికి వెళ్ళేనాడు ఆపా ఆ కుండీని నా చేతికిచ్చి, "నేను అక్కడ ఇల్లు సర్దుకొన్నాక తీసుకొనిపోతాను, అంతవరకు జాగ్రత్తగా చూచుకో" అన్నది. నేను మితిమీరిన జాగ్రత్త తీసుకొన్నాను. కుండీలో మట్టి లేదు, బెరడు ముక్కలు మాత్రమే ఉన్నాయి. అమ్మినవారు మోసగించారని తలచి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి పెద్ద కుండీలోనికి మార్చాను. ఉదయం, సాయంత్రం నీరు పోశాను. నెల తిరుగక ముందే ఆకులు పసుపుబారి, మొదలు మెత్తబడి, ఒకనాడు తాకగానే మొక్క ఊడి చేతిలోనికి వచ్చినది. వేళ్ళన్నీ కుళ్ళి గుజ్జుగా మారి ఉన్నాయి. పండుగకు పుట్టింటికి వచ్చిన ఆపా ఖాళీ కుండీని చూచి ఏమీ అనలేదు. ఆ మౌనమే నన్ను వృక్షశాస్త్ర గ్రంథాల వద్దకు పంపినది.

జన్మస్థానం

ఆర్కిడ్ కుటుంబం పుష్పించే మొక్కలలో అతిపెద్ద కుటుంబాలలో ఒకటి. ఇందులో సుమారు 28,000 జాతులు కలవు. దుకాణాలలో మనకు ఎక్కువగా లభించేది ఫెలనాప్సిస్ అనే ప్రజాతికి చెందిన సంకర మొక్క. ఈ ప్రజాతికి 1825లో ఆ పేరు పెట్టినవాడు జావా ద్వీపంలో పరిశోధనలు సాగించిన బ్లూమ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. పూవు ఆకారం రాత్రివేళ ఎగిరే సీతాకోకచిలుక వంటి పురుగును పోలి ఉన్నందున, అదే అర్థం వచ్చే గ్రీకు మాటతో ఆ పేరు కూర్చాడు. భారతదేశం మొదలుకొని ఫిలిప్పీన్సు, ఇండొనేషియాల మీదుగా ఆస్ట్రేలియా ఉత్తరభాగం వరకు ఈ మొక్కలు సహజంగా పెరుగుతాయి. వీనిలో తెల్లని పూల జాతి నొకదానిని ఇండొనేషియా ప్రభుత్వం 1993లో తమ జాతీయ పుష్పాలలో ఒకటిగా ప్రకటించినది.

ఆ అడవులలో ఇది నేలపై పెరగదు. మహావృక్షాల కొమ్మలను వేళ్ళతో పట్టుకొని, ఆకుల సందులనుండి వడకట్టినట్లు దిగే వెలుతురులో జీవిస్తుంది. వర్షం పడుతుంది, వేళ్ళు తడుస్తాయి, గాలి వీస్తుంది, వేళ్ళు ఆరుతాయి. ఆహారమంతా గాలి, వాననీరు, బెరడుపై చేరిన కొద్దిపాటి చెత్త వలన లభించినదే.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలెను. చెట్టుపై మొలిచే మొక్కలను మనవారు స్థూలంగా బదనికలని పిలుస్తారు. నిజమైన బదనిక చెట్టు కణజాలంలోనికి వేళ్ళు దింపి దాని రసాన్ని పీల్చే పరాన్నజీవి. ఆర్కిడ్ వృక్షోపజీవి మాత్రమే, అనగా ఆశ్రయం కోరుతుంది కాని ఆహారం దొంగిలించదు. ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకంలో మనమందరం చదివిన వాండా ఈ వర్గానిదే. సంస్కృతంలో చెట్లపై పెరిగే మొక్కలకు వాడే 'వందా' అనే మాటనుండియే ఆ శాస్త్రీయనామం పుట్టినది.

వేళ్ళ రహస్యం

ఆర్కిడ్ పెంపకమంతా దాని వేళ్ళలో ఉన్నది. వేరు చుట్టూ వెలామెన్ అనే మెత్తని పొర ఉంటుంది. ఇది నిర్జీవ కణాలతో ఏర్పడినది. ఎండి ఉన్నప్పుడు ఆ కణాలలో గాలి నిండి, వేరు వెండిరంగులో మెరుస్తుంది. నీరు తగిలిన కొద్ది నిమిషాలలో ఆ పొర దూదివలె నీటిని పీల్చుకొని పారదర్శకమవుతుంది. అప్పుడు లోపలి పత్రహరితం బయటికి కనిపించి వేరు ఆకుపచ్చగా మారుతుంది. నీరు పోయవలెనా వద్దా అని మనం ఎవరినీ అడుగనక్కరలేదు. వేరు వెండిరంగులో ఉంటే పోయవలెను, పచ్చగా ఉంటే ఆగవలెను.

ఇటువంటి వేరును తడిమట్టిలో పాతిపెట్టినప్పుడు గాలి ఆడదు. ప్రాణవాయువు అందక వేరు చనిపోతుంది, చనిపోయిన వేరును బూజు తెగుళ్ళు ఆక్రమిస్తాయి. వేళ్ళు పోయిన మొక్క నీటిని పీల్చలేక ఆకులు ముడుతలు పడుతాయి. ఆ ముడుతలను చూచి దాహమని భ్రమించి మనం మరింత నీరు పోస్తాము. నా చేతిలో మొక్క మరణించిన క్రమం ఇదే.

ఆకులలో కూడ ఒక విశేషం కలదు. సాధారణంగా మొక్కలు పగలు పత్రరంధ్రాలను తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తాయి. ఫెలనాప్సిస్ రాత్రివేళ రంధ్రాలను తెరచి, ఆ వాయువును మాలిక్ ఆమ్ల రూపంలో దాచుకొని, పగలు రంధ్రాలు మూసి, సూర్యకాంతి సహాయంతో దానిని ఆహారంగా మార్చుకొంటుంది. నీటిని పొదుపు చేయుటకు ప్రకృతి కల్పించిన ఉపాయమిది. రెండు రోజులు నీరు మరచిన యజమానిని ఈ మొక్క క్షమిస్తుంది. రోజుకు రెండుసార్లు పోసే యజమానిని క్షమించదు.

పెంపక విధానం

కుండీ: అడుగున, ప్రక్కల రంధ్రాలున్న చిన్న కుండీ మేలు. పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ అయినచో వేళ్ళ రంగు తెలుస్తుంది, వేళ్ళకు వెలుతురు కూడ అందుతుంది. మట్టికి బదులు బెరడు ముక్కలు, కట్టెబొగ్గు, కొబ్బరిపీచు ముక్కలు నింపవలెను. కొబ్బరి ముక్కలలో ఉప్పు ఉండవచ్చును గనుక వానిని పలుమార్లు నానబెట్టి కడుగవలెను. రెండేండ్లకొకసారి ఇవి చివికి మట్టివలె ముద్ద కడుతాయి, అప్పుడు మార్చవలెను.

వెలుతురు: తూర్పు కిటికీ శ్రేష్ఠం. పడమటి, దక్షిణపు కిటికీలకు పలుచని తెర వేయవలెను. ఆకు ముదురు ఆకుపచ్చగా మారినచో వెలుతురు చాలలేదని, ఎర్రబారినచో లేక మచ్చలు పడినచో ఎండ ఎక్కువైనదని గ్రహించవలెను.

నీరు: ఉదయంవేళ కుండీని నీటిలో పది పదిహేను నిమిషాలు ఉంచి, తీసి, నీరంతా కారిపోనివ్వవలెను. ఆకుల నడుమ నీరు నిలిచినచో మొవ్వు కుళ్ళుతుంది, గుడ్డతో అద్ది తీయవలెను. దక్కన్ పీఠభూమిలో పలుచోట్ల బోరు నీటిలో లవణాలు ఎక్కువ, అవి వేళ్ళపై తెల్లగా పేరుకొంటాయి. వానాకాలంలో పట్టి ఉంచిన వర్షపు నీరు దీనికి అమృతం. ఎరువును సీసాపై చెప్పిన మోతాదులో నాలుగవ వంతు మాత్రమే కలిపి, పెరుగుదల ఉన్న రోజులలో అప్పుడప్పుడు ఇచ్చిన చాలును.

గాలిలో తేమ: మన ప్రాంతంలో అసలు పరీక్ష ఇదే. ఏప్రిల్, మే మాసాలలో హైదరాబాదు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిబారుతుంది. వెడల్పయిన పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, రాళ్ళు మునుగకుండ నీరు నింపి, ఆ రాళ్ళపై కుండీని ఉంచవలెను. కుండీ అడుగు నీటిని తాకరాదు. నీటి కూలరు గాలిలో తేమను పెంచుతుంది గనుక ఆ గదిలో మొక్క సుఖంగా ఉంటుంది, అయితే గాలి నేరుగా దానిపై కొట్టరాదు. ఎయిర్ కండిషనరు గాలిని మరింత ఎండబెడుతుంది.

తెగుళ్ళు: ఆకుల క్రింద తెల్లని దూదిపింజల వంటివి కనిపించినచో అవి పిండినల్లులు. స్పిరిటులో ముంచిన దూదితో తుడిచివేయవలెను. కుళ్ళిన వేళ్ళను కాల్చి చల్లార్చిన బ్లేడుతో కత్తిరించవలెను.

పూవు కొరకు నిరీక్షణ

పూలు రాలిన ఆర్కిడ్‌ను చచ్చినదని పారవేయడం సర్వసాధారణం. కాని అది విశ్రాంతి దశ మాత్రమే. మొక్క ఆ కాలంలో ఆకులను, వేళ్ళను పెంచుకొంటుంది. ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీలకు దిగి, రాత్రులు మరింత చల్లబడి, కొన్ని వారాలు అట్లే నిలిచినప్పుడు పూలకాడ మొలకెత్తుతుంది. డిసెంబరు, జనవరి మాసాల చలి ఈ పనిని మనకు ఉచితంగా చేసిపెడుతుంది. కాడ మొలిచిన పిమ్మట పూవు విప్పారుటకు సుమారు మూడు మాసాలు పడుతుంది. విప్పారిన పూవు రెండు మూడు మాసాలు వాడదు.

మొగ్గల దశలో ఒక హెచ్చరిక. పండుతున్న ఫలాలనుండి ఇథిలీన్ అనే వాయువు వెలువడుతుంది. దాని ప్రభావం వలన ఆర్కిడ్ మొగ్గలు పసుపుబారి రాలుతాయి. మన ఇండ్లలో మామిడికాయలు మాగవేసే కాలమూ, ఈ మొగ్గలు విచ్చే కాలమూ ఒకటే. రెండింటిని ఒక గదిలో ఉంచరాదు.

విత్తనం కథ

ఆర్కిడ్ కాయలో ధూళివంటి విత్తనాలు లక్షలకొలది ఉంటాయి. వానిలో పిండానికి ఆహారంగా ఉండవలసిన అంకురచ్ఛదం లేదు. అందుచేత అడవిలో ఒక శిలీంధ్రం తోడ్పడనిదే అవి మొలకెత్తవు. ఈ సంగతిని 1899లో కనుగొన్నవాడు నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు లూయిస్ నుడ్సన్ 1922లో, చక్కెర కలిపిన అగార్‌పై శిలీంధ్రం లేకుండనే విత్తనాలను మొలకెత్తించే పద్ధతిని ప్రకటించాడు. రాజులకు, ప్రభువులకు మాత్రమే దక్కిన పూవు సామాన్యుని కిటికీకి చేరుటకు ఈ గాజుసీసాలే ముఖ్యకారణం.

ఇంత సౌకర్యం ఉండగా అడవి ఆర్కిడ్లను పెరికి తెచ్చి అమ్మడం క్షమింపరాని పని. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒడంబడిక అనుబంధాలలో ఆర్కిడ్ కుటుంబమంతా చేర్చబడి ఉన్నది. 1976లో మన దేశం కూడ ఆ ఒడంబడికలో చేరినది. కనుక ప్రయోగశాలలో పుట్టి నర్సరీలో పెరిగిన మొక్కనే కొనవలెను.

ముగింపు

మొదటి మొక్క పోయిన మరుసటి వానాకాలంలో నేను మరొక ఆర్కిడ్ కొన్నాను. తొలి శీతకాలంలో అది పూయలేదు. "ఆకులు తప్ప ఏమీ లేని దానికి ఇన్ని సేవలా?" అని అమ్మీ నవ్వింది. రెండవ శీతకాలంలో కాడ తొడిగి ఏడు మొగ్గలు వేసినది. మామిడి సంగతి అప్పటికి తెలియనందున రెండు రాలిపోయాయి, ఐదు పూచాయి. ఆ కుండీని నేనే స్వయంగా తీసుకొనిపోయి ఆపా ఇంటి తూర్పు కిటికీలో ఉంచి, నీరు పోసే విధానం చెప్పి వచ్చాను. ఇప్పుడు వేళ్ళ రంగు మారినప్పుడెల్లా ఆమెయే నాకు చెబుతుంది.

మొదటి మొక్కపై నాకు ప్రేమ తక్కువై కాదు, దాని పుట్టుక తెలియక దానిని చంపుకొన్నాను. తరగతిలో వెలామెన్ బొమ్మ గీచి మార్కులు తెచ్చుకొన్న నేనే, ఆ వేరును చేతిలో పట్టుకొని గుర్తించలేకపోయాను. ఈ లోపం నా ఒక్కరిది కాదని తలుస్తాను. కావున కళాశాల కమిటీ పెద్దలకు నాదొక విన్నపం. వృక్షశాస్త్ర ప్రయోగశాల తూర్పు కిటికీ వద్ద నాలుగు ఆర్కిడ్ కుండీలకు చోటు కల్పించినచో, వంతులవారీగా వాని సంరక్షణను విద్యార్థులమే వహించగలము. పుస్తకంలో చదివిన వేరు కన్నులయెదుట వెండిరంగునుండి పచ్చగా మారుటను చూచిన విద్యార్థి ఆ పాఠాన్ని జీవితంలో మరువడు.