వర్కింగ్ హాలిడే పన్ను మినహాయింపులు (ఆస్ట్రేలియా)

'''వర్కింగ్ హాలిడే పన్ను మినహాయింపులు''' అనగా ఆస్ట్రేలియాలో పర్యటిస్తూ ఉపాధి పొందే విదేశీ యువతీయువకులు, పని నిమిత్తం పెట్టిన ఖర్చులను పన్ను లెక్కించే ఆదాయం నుండి తీసివేసుకొనే సౌకర్యం. 2022 డిసెంబరు 29న అమలులోకి వచ్చిన భారత్-ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం మేరకు, 18-30 సంవత్సరాల వయసు గల భారతీయులకు ఏటా 1,000 వీసాలు (సబ్‌క్లాస్ 462) కేటాయించారు. లాటరీ పద్ధతిలో వీటి నమోదు 2024 అక్టోబరు 1న మొదలయింది.

== పన్ను రేటు ==
ఆస్ట్రేలియాలో ఆదాయ సంవత్సరం జూలై 1 నుండి జూన్ 30 వరకు ఉంటుంది. అక్కడి నివాసులకు మొదటి 18,200 డాలర్ల ఆదాయంపై పన్ను లేదు. ఈ వీసాదారులకు 2017 జనవరి 1 నుండి మొదటి డాలరు మీదనే 15 శాతం పన్ను పడుతున్నది. వాడుకలో దీనిని బ్యాక్‌ప్యాకర్ పన్ను అంటారు. 2024-25లో ఈ రేటు 45,000 డాలర్ల వరకు వర్తించింది.

మినహాయింపు తగ్గించేది ఆదాయాన్ని, పన్నును కాదు. అందువలన 15 శాతం రేటులో 100 డాలర్ల ఖర్చు చూపితే మిగిలేది 15 డాలర్లు మాత్రమే.

== షరతులు ==
* ఖర్చును ఉద్యోగి స్వయంగా భరించి ఉండాలి. యజమాని తిరిగి చెల్లించి ఉండరాదు.
* ఖర్చు ఆదాయార్జనకు నేరుగా సంబంధించినదై ఉండాలి.
* రశీదు వంటి రుజువు ఉండాలి.

== వర్తించేవి ==
* రక్షణ బూట్లు, చేతి తొడుగులు, పనిముట్లు
* ఆరుబయట పనిచేసేవారికి ఎండ నుండి కాపాడే టోపీ, లేపనం
* ఒకే రోజున ఒక ఉద్యోగస్థలం నుండి నేరుగా మరొక ఉద్యోగస్థలానికి ప్రయాణం

== వర్తించనివి ==
వీసా రుసుము, విమాన టిక్కెట్టు, హాస్టల్ అద్దె, భోజనం, మామూలు దుస్తులు, ఇంటి నుండి పనికి వెళ్ళివచ్చే ఖర్చు మినహాయింపు కిందికి రావు. ఉద్యోగం వెదకుకొనే ఖర్చు, ఉద్యోగం పొందడానికి ముందే చేసిన శిక్షణ ఖర్చు కూడా అంతే. పర్యటనలో పని దొరికినంత మాత్రాన పర్యటన ఖర్చు పని ఖర్చు కాదు.

== ఉదాహరణ ==
పలాస నుండి వెళ్ళిన ఒక యువకుడు పండ్లతోటలో 20,000 డాలర్లు సంపాదించాడనుకొందాం. పన్ను 3,000 డాలర్లు. బూట్లు, తొడుగులకు 400, రెండు తోటల మధ్య ప్రయాణానికి 200 డాలర్లు అయితే, ఆదాయం 19,400గాను, పన్ను 2,910గాను లెక్క తేలుతుంది. అంటే 90 డాలర్లు ఆదా. పలాస నుండి విశాఖపట్నం వరకు రైలు ఖర్చు, అక్కడి నుండి విమాన ఖర్చు ఈ లెక్కలోకి రావు.

== రుజువులు, గడువు ==
2024-25 నిబంధనల ప్రకారం పని ఖర్చుల మొత్తం 300 డాలర్లు మించితే అన్నిటికీ రాతపూర్వక రుజువు చూపాలి. రశీదులను ఐదేళ్ళు భద్రపరచాలి. స్వదేశానికి తిరిగి వచ్చినవారికీ ఇది వర్తిస్తుంది. స్వయంగా రిటర్ను దాఖలు చేసేవారికి గడువు అక్టోబరు 31.

== భారతదేశంలో పన్ను ==
ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు లేదా అంతకు మించి భారతదేశంలో ఉన్నవారు ఇక్కడ నివాసులుగా పరిగణించబడతారు. సాధారణంగా అట్టివారు విదేశీ ఆదాయాన్ని ఇక్కడి రిటర్నులోనూ చూపాలి. ఒకే ఆదాయంపై రెండుసార్లు భారం పడకుండా ఉభయ దేశాలు 1991లో ఒప్పందం చేసుకొన్నాయి. ఆస్ట్రేలియాలో కట్టిన పన్నును దీని కింద ఇక్కడి పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చును.