మీకు తెలుసా? కొత్త తీగకు శ్రుతి నిలవదు!
వైణికుడు ఈమని శంకరశాస్త్రి (1922–1987) పుట్టింది ద్రాక్షారామంలో. ఆయన శిష్యుడు చిట్టిబాబు 1936లో కాకినాడలో పుట్టారు. వారి వీణకు 7 తీగలు: వాయించేవి 4, తాళానికి 3. కొత్త తీగ వేస్తే నాదం ఖంగుమంటుంది. శ్రుతి మాత్రం నిలవదు. బిరడ మీద చుట్లు బిగుసుకుని, తీగ సాగడం ఆగేదాకా స్వరం దిగుతూనే ఉంటుంది. గిటారుదీ ఇదే తంతు. తీగ పాతబడితే చెమట, దుమ్ము, తుప్పు పట్టి, నాదానికి మెరుపునిచ్చే పై అతిస్వరాలు ముందు అణగిపోతాయి. తీగ బరువు అంతటా ఒకేలా లేకపోతే, ఖాళీ తీగ శ్రుతిలోనే ఉన్నా మెట్ల మీద అపస్వరం పలుకుతుంది. నింద మాత్రం, పాపం, మైనంలో కూర్చిన మెట్లకు! గోదావరి జిల్లాల తీరంలో ఉప్పుగాలి ఉక్కు తీగను త్వరగా తినేస్తుంది. వాయించాక పొడిగుడ్డతో తుడవండి. కచేరీకి రెండు మూడు రోజుల ముందే తీగ మార్చండి.